తిరిగి దొరికినవి మూడే: చేపల సంఖ్య 467 అని రాయొచ్చా?

వాగుపరిశీలన:
అంతరించే ప్రమాదమున్న ఓ చిన్న చేపను ఒక మడుగులో లెక్కిస్తున్నాం. మొదటి విడతలో 40 చేపలకు చర్మం కింద రంగు ఎలాస్టోమర్ (రబ్బరులాంటి పదార్థం) గుర్తు పెట్టి వదిలాం. వారం తర్వాత 35 దొరికితే గుర్తున్నవి 3. లింకన్-పీటర్సన్ సూత్రంతో (40×35ను 3తో భాగిస్తే) 467 వస్తోంది. నివేదికలో ఇదే వేయొచ్చా?

నీటిలెక్క:
వేయకండి. తిరిగి దొరికినవి ఇంత తక్కువైతే ఆ సూత్రం సంఖ్యను పెంచి చూపిస్తుంది. చాప్‌మన్ సవరణ వాడండి: 41×36ను 4తో భాగించి 1 తీసేస్తే 368. ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) దాదాపు 148, అంటే 95 శాతం అవధి సుమారు 78 నుంచి 658. మీ చేతికొచ్చిన వేర్వేరు చేపలే 72 కదా, ఇక ఆ కింది హద్దు కొత్తగా చెప్పేదేముంది? గుర్తున్న చేప ఇంకొక్కటి దొరికుంటే 294 అయ్యేది, ఒకటి తగ్గితే 491. ఒక్క చేపకే ఇంతలా ఊగే అంకెతో సంరక్షణ నిర్ణయం తీసుకోవడం ప్రమాదం.

రెండో విడతలో కొత్తగా దొరికిన 32కీ గుర్తు పెట్టారా? పెడితే మూడో విడతకు వెళ్లండి. అసలు సంఖ్య 368 దరిదాపుల్లో ఉంటే, మళ్లీ 35 పట్టినప్పుడు 7 దాకా గుర్తున్నవి రావాలి. మూడు విడతలనూ కలిపి ష్నాబెల్ పద్ధతిలో లెక్కించండి.

ఏటిగట్టు:
వెళ్లేముందు 3 మాత్రమే ఎందుకొచ్చాయో చూడండి. మడుగు రెండు కొసల్లో అడ్డు వలలు కట్టారా? లేకపోతే గుర్తున్నవి బయటికి పోయి, కొత్తవి లోపలికొచ్చి లెక్క పెరుగుతుంది. గుర్తు రాలిపోయినా, చూడక వదిలేసినా అంతే. ఎలాస్టోమర్‌ను ఎండలో చూస్తే తప్పిపోతుంది. తడి గుడ్డ నీడలో ఊదారంగు టార్చి వేసి, చేపను రెండు వైపులా తిప్పి చూడాలి. రెక్క అంచు కాస్త కత్తిరించి రెండో గుర్తుగా ఉంచితే ఎన్ని రాలాయో తెలుస్తుంది.

పట్టే సాధనం కూడా మార్చండి. ఒకసారి వలలో పడ్డ చేప వలకు దూరంగా తిరగొచ్చు, అప్పుడూ సంఖ్య ఎక్కువే వస్తుంది.

వాగుపరిశీలన:
32కీ గుర్తు పెట్టాం. అడ్డు వలలు కట్టలేదు. దీనికి బదులు ఎలక్ట్రోఫిషింగ్‌తో (నీటిలోకి కరెంటు పంపి పట్టడం) తొలగింపు పద్ధతి, అంటే పట్టినవి పక్కన పెడుతూ విడతవిడతకూ తగ్గేదాన్ని బట్టి లెక్కించడం మేలా?

నీటిలెక్క:
ఈ జాతికి వద్దనే అంటాను. కరెంటు దెబ్బకు వెన్నెముక విరగొచ్చు, గుడ్లు పెట్టే కాలంలో అసలే కూడదు. పైగా ముందు తేలిగ్గా దొరికేవి వచ్చేస్తాయి, రాళ్ల కింద దాక్కున్నవి మిగిలిపోతాయి. అందుకే ఆ పద్ధతి సాధారణంగా సంఖ్యను తక్కువ చూపిస్తుంది. అడ్డు వలలు లేకుండా వచ్చిన ఆ 3ను విడిగా రాసిపెట్టి, వలలు కట్టాక రెండు విడతలు కొత్తగా చేయండి.