9 ఎం.ఎం., 308 రెండింటికీ రీలోడింగ్: ఏ టరెట్ ప్రెస్ తీసుకోవాలి?

గరాజ్_బెంచ్
నమస్తే అందరికీ. ఉండేది టెక్సస్‌లో. నెలకి పిస్టల్‌కి 9 ఎం.ఎం. ఓ 300, రైఫిల్‌కి 308 విన్‌చెస్టర్ ఓ 40 రౌండ్లు అవుతున్నాయి. కాల్చిన బ్రాస్ (ఖాళీ ఇత్తడి కేసులు) అంతా ఏరి దాచాను, వాటినే మళ్లీ నింపుకుందామని. సింగిల్ స్టేజ్ మీద (ఒకసారికి ఒక్క డై, అంటే కేసుని పనిచేసే ఉక్కు అచ్చు, పట్టే ప్రెస్) 9 ఎం.ఎం. అంటే ఒక్కో కేసునీ నాలుగుసార్లు చేతిలోకి తీసుకోవాలి. ప్రోగ్రెసివ్‌తో (ఒక్కో స్ట్రోక్‌కి అన్ని పనులూ ఒకేసారి జరిగే ప్రెస్) మొదలుపెట్టే ధైర్యం లేదు. అందుకే డైలన్నీ తిరిగే తలకి బిగించే టరెట్ ప్రెస్ అనుకుంటున్నాను. లీ క్లాసిక్ టరెట్ (4 రంధ్రాలు), రెడింగ్ టి-7 (7), లైమన్ ఆల్ అమెరికన్ 8 చూస్తున్నాను. రైఫిల్ కేసు సైజ్ చేసేటప్పుడు (డైలోకి నొక్కి పాత కొలతకి తెచ్చేటప్పుడు) టరెట్ తల పైకి లేస్తుందంటున్నారు, దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

బ్రాస్_పిచ్చి
మీ లెక్కకి లీ క్లాసిక్ చాలండి. మీ పనిలో ఎక్కువ భాగం 9 ఎం.ఎం., దానికి కావలసింది తల దానంతటదే తిరగడం. ఈ మూడింట్లో ఆ సౌకర్యం లీ ఒక్కదానికే ఉంది, మిగతా రెండూ చేత్తో తిప్పుకోవాలి. కేసు షెల్ హోల్డర్‌లో ఒక్కసారి పెడితే నాలుగుసార్లు హ్యాండిల్ కొట్టాక పూర్తి రౌండు బయటికి వస్తుంది: సైజింగుతో పాటు పాత ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత) ఊడటం (కొత్తది ఎక్కించేదీ ఇక్కడే), నోరు వెడల్పు చేసి పౌడర్ పడటం, బుల్లెట్ కూర్చోవడం, క్రింప్ (కేసు నోటిని బుల్లెట్ మీదకి నొక్కడం). తొందరపడకుండా చేస్తే గంటకి 120 నుంచి 150.

308 చేసే రోజు మధ్యలో ఉన్న ఇండెక్స్ రాడ్ పీకేయండి, అది సింగిల్ స్టేజ్ అయిపోతుంది. ఎలాగూ ఆ కేసుల్ని సైజ్ చేసి, పొడవు కొలిచి, 2.015 అంగుళాలు దాటినవాటిని 2.005కి ట్రిమ్ చేసి, నోరు లోపలా బయటా చెక్కాకే ప్రైమర్ పెట్టాలి. ఈ పని బ్యాచ్‌గానే అవుతుంది, తల దానంతటదే తిరిగినా ఉపయోగం లేదు.

పాడయ్యేది ఎక్కడంటే, ర్యామ్ (కేసుని పైకి నెట్టే కడ్డీ) అడుగున రాడ్‌ని పట్టుకునే చిన్న చదరపు ప్లాస్టిక్ ముక్క. హ్యాండిల్ సగంలో ఉండగా తలని చేత్తో వెనక్కి తిప్పితే దాని మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత తల పూర్తిగా తిరగక, కేసు నోరు డై అంచుకి తగిలి నలుగుతుంది. ముక్క ఖరీదు చాలా తక్కువ, ప్రెస్‌తో పాటే రెండు తెప్పించి పెట్టుకోండి.

లాంగ్_రేంజ్_రావు
తల లేవడం నిజమే. పట్టించుకోవాల్సింది ఎంత లేస్తోందన్నది కాదు, ప్రతిసారీ ఒకేలా లేస్తోందా లేదా అన్నది. 308 కేసులు పది సైజ్ చేసి, కంపారేటర్‌తో (కాలిపర్‌కి తగిలించే కొలత ముక్క) షోల్డర్ (కేసు మెడ కింది వాలు) దాకా కొలవండి. కాల్చిన కేసు కన్నా 0.002 అంగుళం వెనక్కి జరిగి, పదింటికీ దాదాపు అదే కొలత వస్తే తల సంగతి మరిచిపోవచ్చు. కొలత ఊగుతుంటే ముందు అనుమానించాల్సింది లూబ్‌ని (కేసు డైలో జారడానికి రాసేది). ఒక కేసుకి ఎక్కువ, ఒకదానికి తక్కువ రాస్తే ఒత్తిడి మారి కొలతా మారుతుంది. మరీ తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, గట్టిగా లాగితే రిమ్ (కేసు అడుగు అంచు) చిరుగుతుంది. ఎక్కువైతే షోల్డర్ మీద సొట్టలు పడతాయి.

రెడింగ్ టి-7కి తల వెనక ఆనించే సపోర్ట్ ఉంది, అందుకే రైఫిల్‌వాళ్లు దాన్ని ఇష్టపడతారు. ఏడు రంధ్రాల్లో 9 ఎం.ఎం. డైలు నాలుగు, 308వి మూడు ఒకేసారి ఉంచుకోవచ్చు. మీ 40 రౌండ్లు 400 అయి, 9 ఎం.ఎం. తగ్గితే నేను అటే చెప్పేవాణ్ని.

ఏది కొన్నా బెంచ్‌ని గోడకి బిగించండి. 308 సైజింగ్‌లో ముందుగా కదిలేది ప్రెస్ కాదు, బల్ల.

పౌడర్_త్రాసు
ప్రెస్ కన్నా ముందు లైటు గురించి ఆలోచించండి. 9 ఎం.ఎం. పౌడర్లు చాలావాటిలో ఒక ఛార్జి (ఒక రౌండుకి పోసే పౌడర్) కేసులో సగం కూడా నింపదు, అంటే రెండు ఛార్జీలు పడినా పొంగి బయటికి రాదు. కేసు తగలగానే పౌడర్ వదిలే మెజర్ అయితే, స్ట్రోక్ సగంలో ఆగి మళ్లీ కొట్టినప్పుడే డబుల్ పడుతుంది. పౌడర్ అసలు పడకపోతే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని నెట్టి బ్యారెల్‌లో ఇరికిస్తుంది, దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. అందుకే బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ కళ్లతో చూడాలి. చిన్న ఎల్‌ఈడీ లైటు తల కింద అతికిస్తే కేసు అడుగు దాకా కనిపిస్తుంది. స్ట్రోక్ మధ్యలో ఏది ఆగినా ఆ కేసు పక్కన పెట్టి, పౌడర్ ఒంపి, మళ్లీ మొదలుపెట్టండి.

పుల్లల్లా ఉండే రైఫిల్ పౌడర్ మెజర్‌లో తెగుతుంది, గొట్టంలో అడ్డం పడుతుంది. 308కి ఒక్కొక్కటీ త్రాసు మీద తూచి ఫనెల్‌తో పోయండి. ఛార్జి ఎంతన్నది లోడ్ మాన్యువల్ చూసి, అందులోని స్టార్టింగ్ లోడ్ నుంచే మొదలుపెట్టండి, ఎవరో ఇక్కడ రాసిన అంకె నుంచి కాదు. బల్ల మీద ఒకసారికి ఒకే పౌడర్ డబ్బా. పని అయ్యాక మెజర్‌లో మిగిలింది అదే డబ్బాలోకి వెళ్లిపోవాలి.

9 ఎం.ఎం. రౌండు ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక రౌండు కూర్చునే చోటు) ఆనేది కేసు నోటి మీద. క్రింప్ అతిగా నొక్కితే ఆ ఆనిక పోతుంది. నోటి దగ్గర 0.378–0.380 అంగుళాల మధ్య ఉంటే సరిపోతుంది. పిస్టల్ బ్యారెల్ ఊడదీసి రౌండు వదిలితే టక్కున దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి. ఆ తర్వాత బుల్లెట్ ముక్కుని బల్లకి ఆనించి బొటనవేలితో నొక్కి, పొడవు మళ్లీ కొలవండి. తగ్గిందంటే బుల్లెట్ లోపలికి జారుతోంది, అలా జారితే ప్రెషర్ పెరుగుతుంది.

కాగితాలు_ముందు
అన్నా, ఇది చదివే మనవాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లు చాలామంది, అందుకే చెప్తున్నా. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టంలో అమ్యూనిషన్ అంటే పూర్తయిన రౌండే కాదు, కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ కూడా. ప్రెస్ కొనేముందు లాయర్‌ని అడగండి. సొంతానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే టైప్ 06 (అమ్యూనిషన్ తయారీ లైసెన్స్) కావాలి. ఇండియాలో అయితే లైసెన్స్ లేకుండా తయారుచేయడం ఆయుధాల చట్టం 1959 కింద నేరం. రేంజికి తీసుకెళ్లే బ్యాగుతో ఇండియా ఫ్లైటు ఎక్కకండి. అర జేబులో మిగిలిపోయిన ఒక్క కేసు ఎయిర్‌పోర్టులో పెద్ద తలనొప్పి అవుతుంది.

గరాజ్_బెంచ్
గ్రీన్ కార్డేనండి, ధన్యవాదాలు. లీ క్లాసిక్కే తీసుకుంటాను. 308 డైలకి ఇంకో టరెట్ డిస్క్ (డైలు బిగించే తల) కొనాలా, అవే రంధ్రాల్లో మార్చుకోవచ్చా?

బ్రాస్_పిచ్చి
డిస్క్ కొనండి. డై ఊడదీసి బిగించిన ప్రతిసారీ సీటింగ్ లోతు (బుల్లెట్ కేసులోకి దిగే లోతు) మళ్లీ సరిచూడాలి, ఆ బాధ తప్పుతుంది. సైజింగ్, సీటింగ్ డైలు బిగించి, డై మీదా డిస్క్ మీదా కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీయండి. ఎప్పుడైనా డై కదిలితే ఆ గీత దగ్గరే తెలిసిపోతుంది.