పర్చేజ్ ఉద్యోగం వదిలి ప్రొక్యూర్‌మెంట్ కన్సల్టెంట్‌గా మారాలనుకుంటున్నాను, ఎవరైనా చేశారా?

జీడిమెట్ల_పర్చేజ్:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో పర్చేజ్ చూస్తాను. బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) చేరి, స్టోర్స్ మీదుగా ఇటు వచ్చాను. సాల్వెంట్లు, కేఎస్ఎంలు (మందు తయారీ మొదలయ్యే రసాయనాలు), ప్యాకింగ్ మెటీరియల్, స్పేర్లు అన్నీ కొన్న అనుభవం ఉంది, సాప్ సాఫ్ట్‌వేర్‌లో కొనుగోళ్లు, స్టోర్స్ చూసే ఎంఎం భాగం బాగా వచ్చు. చిన్న యూనిట్లు నడిపే తెలిసినవాళ్లు కొటేషన్లు చూసిపెట్టమని, వెండర్‌తో మాట్లాడమని అడుగుతూనే ఉంటారు, ఇదే పనిని సొంతంగా ఎందుకు చేయకూడదు అనిపిస్తోంది. ఇంటి లోన్ ఉంది, కానీ మా ఆవిడది కూడా ఉద్యోగమే కాబట్టి కొన్ని నెలలు నెట్టుకురాగలం. సీఐపీఎస్ లాంటి కొనుగోళ్ల రంగపు సర్టిఫికెట్ తప్పనిసరా? ఫీజు ఎలా పెట్టాలి? గవర్నమెంట్ టెండర్ల వైపు వెళ్లడం మంచిదా, ప్రైవేట్ కంపెనీల కొనుగోళ్లకే పరిమితం కావాలా?

ఆటోనగర్_బిడ్స్:
బ్రదర్, నేను వైజాగ్‌లో చిన్న యూనిట్లకు టెండర్ల పని చేస్తాను. ముందు ఒకటి తేల్చుకోండి, ప్రైవేట్ కొనుగోళ్లు, గవర్నమెంట్ టెండర్లు రెండూ వేరే వేరే పనులు. మీరు ఇన్నాళ్లూ కొనేవైపు కూర్చున్నారు, టెండర్ల పనిలో అమ్మేవాడి పక్కన కూర్చోవాలి. గవర్నమెంట్ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ 2016లో వచ్చింది, 2017 నాటి జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నియమాలు) రూల్ 149 ప్రకారం అందులో దొరికే వస్తువుల్ని కేంద్ర శాఖలు అక్కడే కొనాలి. కాబట్టి పని ఉంటుంది, కానీ పోర్టల్‌లో అప్‌లోడ్ చేసిపెట్టేవాళ్లు ప్రతి వీధిలోనూ దొరుకుతారు, వాళ్ల రేటుతో మీరు పోటీపడలేరు. డబ్బులొచ్చేది రూల్స్ చదివి చెప్పేవాడికి. ఉదాహరణకి ఎల్1 (అందరికంటే తక్కువ రేటు వేసినవాడు) పెద్ద కంపెనీ అయి, మన చిన్న యూనిట్ రేటు ఎల్1 కంటే 15 శాతం లోపు ఎక్కువ ఉంటే, ఎల్1 రేటుకి దిగడానికి ఒప్పుకుంటే ఆర్డర్‌లో 25 శాతం వరకు దానికి రావచ్చు. ఇది తర్వాత సవరించిన 2012 ఎంఎస్ఈ (సూక్ష్మ, చిన్న సంస్థల) పాలసీలోనే ఉంది, చాలామంది యజమానులకు తెలియదు. ఈఎండీ (బిడ్‌తో కట్టే డిపాజిట్) మినహాయింపు కూడా తయారీదారులకు, సేవలందించేవాళ్లకే, ట్రేడర్లకు కాదు, అది చూసుకోక బిడ్ టెక్నికల్ దశలోనే పోతుంది.

పటాన్‌చెరు_యూనిట్:
నేను ఫీజు ఇచ్చే వైపు నుంచి రాస్తున్నాను, చిన్న ఫ్యాక్టరీ ఉంది. కన్సల్టెంట్లు వచ్చి "పది శాతం తగ్గిస్తాం, తగ్గినదాంట్లో వాటా ఇవ్వండి" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ గొడవంతా అక్కడే మొదలవుతుంది. క్రూడ్ ఆయిల్ పడిపోతే టోలీన్ లాంటి సాల్వెంట్ రేటు దానంతట అదే దిగుతుంది, అది మీ ఘనత ఎలా అవుతుంది? పెరిగినప్పుడు మీరు ఆపిన పెరుగుదలని నేను ఎలా లెక్కపెట్టాలి? అందుకని మొదటి రోజే బేస్ రేటుని ఏదైనా మార్కెట్ సూచీకి ముడిపెట్టి రాసుకోండి, లేదంటే నెలవారీ ఫీజు మాట్లాడుకోండి. ఇంకోటి, రేటు తగ్గించడం ఒక్కటే నాకు అక్కర్లేదు. ఒకే బోల్ట్ మూడు పేర్లతో మూడు కోడ్‌లలో స్టోర్స్‌లో పడి ఉంది, ఏ వెండర్‌కి ఏడాదికి ఎంత ఇస్తున్నామో మా అకౌంట్స్‌కే స్పష్టత లేదు. ఏడాది పీఓలన్నీ (పర్చేజ్ ఆర్డర్లు) ముందేసుకుని, శుభ్రం చేసి, ఇదిగో మీ డబ్బు ఇక్కడికి పోతోంది అని ఒక షీటులో చూపించేవాడికి నేను బేరమాడకుండా డబ్బులిస్తాను. ఫార్మాలో పనిచేశారు కాబట్టి మీకు ఇంకో సంగతి తెలుసు, చవక వెండర్ దొరికినంత మాత్రాన రేపటి నుంచి అతని దగ్గర కొనలేం, క్యూఏ (నాణ్యత విభాగం) ఆడిట్, ట్రయల్ బ్యాచ్‌లు, స్టెబిలిటీ పరీక్షలు, ఎగుమతైతే ఆ దేశపు రెగ్యులేటర్‌కి తెలియజేయడం ఇవన్నీ అవ్వాలి. బయట నుంచి వచ్చే ఎంబీఏ వాళ్లకి ఇది తెలియదు, మీ బలం అదే.

దుబాయ్_తెలుగు:
సర్టిఫికెట్ సంగతి నేను చెప్తా. గల్ఫ్‌లో అయితే సీనియర్ పోస్టుల ప్రకటనల్లో ఎంసీఐపీఎస్ (సీఐపీఎస్ సభ్యత్వం) అడుగుతారు, దానికి సీఐపీఎస్ లెవెల్ 4, 5, 6 పూర్తిచేసి మూడేళ్ల అనుభవం చూపించాలి. అమెరికన్ కంపెనీలకు సీపీఎస్ఎం అనే సర్టిఫికెట్ పరిచయం, అది మూడు పరీక్షలు. మన దగ్గర మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ సంస్థ ఐఐఎంఎం ఇచ్చే డిప్లొమా ఉంది, ఖర్చు వాటికంటే తక్కువ. కానీ అన్నా, జీడిమెట్లలో యూనిట్ నడిపే ఆయన ఇవేవీ అడగడు. ఉద్యోగం మారేందుకైతే చెయ్యండి, మొదటి క్లయింట్ కోసమైతే ఆ డబ్బు దాచుకోండి.

జీడిమెట్ల_పర్చేజ్:
చాలా థ్యాంక్స్ అండి. పీఓల విశ్లేషణతోనే మొదలుపెడతా. ఒక సందేహం, నాకు పాత వెండర్లు బాగా తెలుసు, వాళ్లని క్లయింట్‌కి పరిచయం చేస్తే వెండర్ కూడా ఎంతో కొంత ఇస్తానంటున్నాడు. ఇది మామూలేనా?

పటాన్‌చెరు_యూనిట్:
మామూలే, అందుకే తీసుకోకండి. రెండువైపులా తీసుకుంటున్నారని తెలిసిన రోజున ఇండస్ట్రియల్ ఏరియా మొత్తానికి సాయంత్రంలోగా తెలిసిపోతుంది, మళ్లీ మీ కంపారిటివ్ స్టేట్‌మెంట్‌ని (వెండర్ల రేట్లు పోల్చే పట్టికని) ఎవరూ నమ్మరు. వెండర్ల నుంచి ఏమీ తీసుకోనని మీ అగ్రిమెంట్‌లో మీరే రాయండి, నాలాంటివాళ్లు ఆ ఒక్క లైను చూసే సంతకం పెడతారు. ఇప్పటి కంపెనీ రేట్లు, ఫార్ములేషన్ వివరాలు కూడా బయటికి తేకండి, మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఏం రాసుందో రాజీనామాకి ముందే ఒక లాయర్‌కి చూపించండి.

ఆటోనగర్_బిడ్స్:
దానికి తోడు మొదటి బిల్లు వేసేలోపే ఉద్యం (చిన్న సంస్థగా నమోదు) రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఉచితమే. చిన్న సంస్థలకి అగ్రిమెంట్ ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 చట్టం చెప్తోంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ గడువు దాటితే, చెల్లించేదాకా కంపెనీ ఆ ఖర్చుని ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించుకోలేదు, కాబట్టి మార్చిలో వాళ్ల అకౌంట్స్ నుంచే మీకు ఫోన్ వస్తుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ తప్పనిసరి కాదు, కానీ ఫీజులో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసే ఇస్తారు, ఇంటి ఈఎంఐ లెక్క వేసుకునేటప్పుడు అది తీసేసి చూసుకోండి.