"ఒకటి రెండు చోట్ల" అంటే ఎన్ని చోట్ల?

అందరికీ నమస్కారం. మాది పాడేరు పక్కన పల్లె. మొన్న ఫోన్‌లో వాతావరణం కబురొచ్చింది, ఉష్ణోగ్రతలు తగ్గుముఖం పడతాయి, కొండ ప్రాంతాల్లో ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు అని. మా పక్కింటి మామ నాచేత చదివించుకుని "ఒకటి రెండంటే ఏ చింతపల్లిలోనో ఏ అరకులోనో పడతాది, మన్దాకా రాదులే" అని ఆరబోసిన కాఫీ పళ్ల మీద బరకం కప్పకుండానే పడుకున్నాడు. తెల్లారగట్ల నాలుగింటికి రేకుల మీద టపటపమని చప్పుడు, ఆయన లేచి పరిగెత్తేసరికి సగం పళ్లు తడిసిపోయాయి, ఇప్పుడు బూజు పట్టకుండా పూటకోసారి తిరగేస్తా కూర్చున్నాడు. నా డౌటు ఏంటంటే ఈ మాటకి లెక్క ఏమైనా ఉందా, లేక "అక్కడక్కడా" అంటే సరిపోయేదా?

— లెక్క ఉంది తమ్ముడూ. వాతావరణ శాఖ వాళ్లు ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతం లోపు చోట్ల పడితే దాన్ని ఇంగ్లీషులో ఐసొలేటెడ్ అంటారు, దానికి తెలుగు చేసిందే ఈ "ఒకటి రెండు చోట్ల". 26 నుంచి 50 శాతం అయితే "కొన్ని చోట్ల". అంటే వంద కేంద్రాలుంటే ఇరవై చోట్ల పడినా కాగితం మీద అది ఒకటి రెండే! తేలికపాటి అన్నదానికీ కొలత ఉంది, 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు. పైగా ఆ శాతం ఎన్ని చోట్లో చెప్తుంది గానీ ఏ చోటో చెప్పదు.

— పేపర్ల వాళ్లు "చెదురుమదురు జల్లులు" అని రాస్తారు కదా, అదే నయం. చెదరడం అందులోనే ఉంది.

— నయమేం కాదండీ. ఎన్నికలప్పుడు "చెదురుమదురు ఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం" అని రాసీ రాసీ ఆ మాటకి పట్టించుకోనక్కర్లేదు అనే వాసన అంటుకుంది. మామగారు అది చదివినా బరకం కప్పరు. అన్నట్టు మదురు అంటే గోడ మీద కట్టే కప్పు, ఇక్కడ మాత్రం చెదురుకి జంటగా వచ్చిందంతే, పులీ గిలీ లాగా అనుకోండి, కాకపోతే "గి" బదులు "మ" వచ్చింది.

— నాకు "ఉష్ణోగ్రతలు తగ్గుముఖం" తోనే పేచీ. పగటివా రాత్రివా? మబ్బు పట్టిన రోజు ఎండ రాక పగలు చల్లబడుద్ది, ఆ రాత్రి మాత్రం మబ్బు దుప్పటిలా కప్పి చలి అంత ఉండదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రే లంబసింగిలో ఒళ్లు కొంకర్లు పోయేది. గరిష్ఠమో కనిష్ఠమో ఒక్క ముక్క కలిపితే ఏం పోయింది.

— లంబసింగి అంటే గుర్తొచ్చింది, దాన్ని కొర్రబయలు అంటారు. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కొయ్యలా, బిగుసుకుపోతాడని అక్కడివాళ్లు చెప్పే మాట. ఏ బులెటిన్‌కీ రాదు ఇలాంటి పేరు.

— పోస్టు పెట్టింది నేనే. ఇదంతా మామకి చదివి వినిపించా. 25 శాతం దగ్గర కాసేపు ఆలోచించి "అలాగైతే ఎక్కడైనా పడొచ్చు అని రాస్తే పోయేది కదా" అన్నాడు.

— అలా రాస్తే ఊరూరా పడుద్దనుకుని అందరూ రోజూ బరకాలు కప్పుకుంటారు, పళ్లు ఇంకెప్పుడు ఎండుతాయి?

— అదీ చెప్పా. "ఒకటి రెండు చోట్ల, ఎక్కడైనా" అని రెండూ కలిపి రాయమంటున్నాడు.