థాయ్‌లాండ్ తరహా ‘మట్టి డాక్టర్’ శిక్షణ మన రైతులకు దొరుకుతుందా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. నల్లరేగడి నేల, మిరప, పత్తి వేస్తాం. ఈసారి ఒకే చేను మట్టిని కలిపి, సగం సగం చేసి రెండు ల్యాబులకు ఇచ్చాను. సేంద్రియ కర్బనం (నేల సారం ఎంతుందో చెప్పే ఒక కొలత) ఒకరు ‘తక్కువ’ అన్నారు, ఇంకొకరు ‘మధ్యస్థం’ అన్నారు. ఏ కాగితం నమ్మి ఎరువు వేయాలో తేలక ఒకటే టెన్షన్.

ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) 2012లో నేలల సంరక్షణ కోసం దేశాలన్నీ కలిసి పనిచేసే ప్రపంచ మృత్తికా భాగస్వామ్యం మొదలుపెట్టింది, అందులో ఆసియా దేశాలకు విడిగా ఒక విభాగం ఉంది. దాని కిందే మట్టి పరీక్ష ల్యాబుల నెట్‌వర్క్ 2017లో వచ్చింది. ఒకే నమూనాను పలు దేశాల ల్యాబులకు పంపి ఫలితాలు పోల్చి చూస్తారు. నాకు కావలసింది సరిగ్గా ఇదే! థాయ్‌లాండ్‌లో అయితే భూ అభివృద్ధి శాఖ రైతులనే ‘మట్టి డాక్టర్లు’గా తయారుచేసి, తోటి రైతుల పొలాల మట్టికి వాళ్లచేతే సలహాలు ఇప్పిస్తోంది.

ఇలాంటి శిక్షణ మన రైతు సంఘాలకు ఎవరి ద్వారా దొరుకుతుంది? లాం ఫారంలో (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం) ఏ విభాగాన్ని అడగాలి? ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ల్యాబు మన జిల్లాల్లో ఉందా? స్వయంగా వెళ్లి వచ్చినవాళ్లు చెబితే మరీ మంచిది.