చక్కెర తగ్గిస్తే కేక్ గట్టిపడుతోంది

ప్రతి చలికాలం రెండు మూడు కిలోలు పెరుగుతాను. ఒంటిని తిట్టుకోవడం మానేశాను, బేకింగ్ మాత్రం మానలేను. అందుకే కేకులో తీపి తగ్గిస్తున్నాను.

మైదా 200 గ్రాములు, వెన్న 150, గుడ్లు 3, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు. చక్కెర 200 నుంచి 100కి తగ్గించాను. 180 డిగ్రీల సెల్సియస్‌లో 35 నిమిషాలు. లోపల ఉడుకుతోంది కానీ పైన రంగు రాదు, మర్నాటికి ముక్క పొడిపొడిగా రాలిపోతోంది. చక్కెరే తేమను పట్టి ఉంచుతుందని తెలిసి 50 గ్రాముల పెరుగు కలిపాను: మధ్యలో కుంగింది. 5 నిమిషాలు ముందే తీస్తే నడుమ పచ్చి. అరటిపండు గుజ్జుతో మెత్తబడింది గానీ, అంతా అరటి రుచే.

చేసి చూసినవాళ్లు చెప్పండి: ఈ కొలతకి కేక్ మెత్తగా రావాలంటే చక్కెర కనీసం ఎన్ని గ్రాములు ఉండాలి?