జర్మనీలోని కొలోన్ నగర కార్నివాల్ 2027: ఇక్కడి మన తెలుగువాళ్ల విందు తేదీ, పనుల పంపకం

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. విందు ఫిబ్రవరి 12 శుక్రవారం పెడదామని కొందరన్నారు, హాలు ఖాళీగా ఉందని. దయచేసి ఆ తేదీ వద్దండీ. 10వ తేదీ భస్మ బుధవారం. అప్పటి నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు లెక్కలోకి రాకుండా, 40 రోజుల ఉపవాస కాలం. శ్రమల కాలంలో మాంసం ముట్టని గుంటూరు, కృష్ణా జిల్లాల కుటుంబాలు మనలో ఉన్నాయి. వాళ్ల ముందు బిర్యానీ పెట్టి కార్నివాల్ అంటే ఏం బాగుంటుంది? ఉపవాసానికి ముందు కడుపునిండా తిని ఆడిపాడుకోవడానికే కదా ఈ పండగ! 6వ తేదీ శనివారం చేసేద్దాం.

వంటల టీమ్: శనివారానికి మేం రెడీ. వెనకటికి ఉపవాసంలో గుడ్లు, వెన్న, కొవ్వు కూడా కూడదు కాబట్టి, ఇంట్లో ఉన్నవన్నీ పిండిలో కలిపి వేయించేసేవారు. లోపల జామ్, పైన పంచదార ఉండే బెర్లీనర్లు అనే వేయించిన బన్నులు ఆ అలవాటువే. అవి బేకరీలో ఆర్డర్ ఇస్తాం, బూరెలు మేమే వండుతాం. పక్కపక్కనే పెడదాం, పిల్లలు అడిగితే కథ చెప్పొచ్చు.

పిల్లల టీమ్: సోమవారం జరిగే పెద్ద ఊరేగింపులో జనం లక్షల్లో ఉంటారు, చంటిపిల్లలతో టెన్షన్. ముందురోజు ఆదివారం బడిపిల్లలు, పేటలవాళ్లు తీసే ఊరేగింపుకు వెళ్దాం. "కమెల్లే!" అని గట్టిగా అరిస్తే చాక్లెట్లు, మిఠాయిలు విసురుతారు. గుడ్డ సంచి ఉండాలి. కొందరు గొడుగు తిరగేసి పట్టుకుని నిలబడతారు, అందులో టపటపా పడుతుంటే పిల్లల ముఖాలు చూడాలి! ఇక్కడి కార్నివాల్ పలకరింపు "అలాఫ్". పక్క నగరం డ్యూసెల్డార్ఫ్ వాళ్లు అనే "హెలావ్" ఇక్కడ అనొద్దని పిల్లలకు ముందే చెప్పండి. వేషాలకు మన పగటివేషాల నుంచి ఏవైనా తీసుకుంటే ఎలా ఉంటుంది?

సమన్వయకర్త: చాలా బాగుంటుంది. ఇక్కడి వేషాల్లోనూ అధికారాన్ని ఎగతాళి చేయడం ఉంది. 1823లో సోమవారం పెద్ద ఊరేగింపును ఒక పద్ధతిలో పెట్టినప్పుడు పుట్టిన రోటె ఫుంకెన్ దళం, పాత నగర సైనికులను వెక్కిరిస్తూ వేసిన వేషమే. శనివారం ఐదు నిమిషాలు ఇది చెబుదాం. మంగళవారం రాత్రి గడ్డిబొమ్మ నుబెల్ మీద పండగ తప్పులన్నీ మోపి తగలబెట్టడం కూడా.

వంటల టీమ్: విందుకు ముందు గురువారం ఆఫీసుకెళ్లే మగవాళ్లకు ఒక మాట. ఆ రోజు కార్నివాల్ సరదాగా ఆడవాళ్లు మగవాళ్ల టైలు కత్తిరిస్తారు, ఖరీదైనవి కట్టుకోవద్దు.

సమన్వయకర్త: హాలు అడ్వాన్సు నేను కడతాను. బూరెలకు ఇంకో ఇద్దరు, ఆదివారం పిల్లల వెంట నలుగురు పెద్దలు కావాలి. పేర్లు ఈ వారంలోనే ఇవ్వండి.