చర్చ: 1970 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో పీట్ రోజ్ చేసింది సబబేనా?

పచ్చిక_మైదానం:
తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఇది అమెరికా బేస్‌బాల్ సంగతి. అక్కడి రెండు లీగులు, నేషనల్, అమెరికన్, తమ మేటి ఆటగాళ్లతో ఆడుకునేదే ఆల్‌స్టార్ మ్యాచ్. 1970 జూలై 14, సిన్సినాటి. రివర్‌ఫ్రంట్ స్టేడియం తెరిచి రెండు వారాలే అయింది. అధ్యక్షుడు నిక్సన్ కూడా మ్యాచ్‌కి వచ్చాడు. 4-1తో వెనకబడ్డ నేషనల్ లీగ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, అంటే మామూలుగా ఆఖరిదాంట్లో, మూడు పరుగులు తీసి సమం చేసింది. పన్నెండో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక నేషనల్ లీగ్ ఆటగాడు రోజ్ సెకండ్ బేస్ మీద, అంటే పరుగు కోసం చుట్టిరావాల్సిన దారిలో సగంలో ఉన్నాడు. అతని జట్టులోని జిమ్ హిక్‌మన్ సింగిల్ (ఒక బేస్ చేరగలిగే దెబ్బ) కొట్టాడు. సెంటర్ ఫీల్డ్ నుంచి అమెరికన్ లీగ్ ఆటగాడు ఏమస్ ఓటిస్ బంతి విసిరాడు. పరుగు పూర్తయ్యే చోటైన హోమ్ ప్లేట్‌కి కాస్త ముందు దారికి అడ్డంగా నిలబడ్డ క్యాచర్ (క్రికెట్ కీపర్ లాంటివాడు) రే ఫాసీని రోజ్ భుజంతో గుద్ది పడగొట్టి పరుగు తీశాడు. నేషనల్ లీగ్ 5-4తో గెలిచింది. ఫాసీ ఎడమ భుజం దెబ్బతింది.

సీజన్ లెక్కల్లోకి రాని మ్యాచ్ కోసం తోటి ఆటగాడి మీద అలా పడడం తప్పే అంటాను. మీరేమంటారు?

థర్డ్‌బేస్_లైన్:
నేను ఒప్పుకోను. ఇవాళ్టి ఆల్‌స్టార్ సరదాని 1970కి అంటగట్టకండి. అప్పట్లో రెండు లీగుల జట్లు సీజన్‌లో ఎదురుపడేవే కావు. లెక్కకొచ్చే మ్యాచ్‌లలో రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ ఒక్కటే వాటిని కలిపేది. 1963 నుంచి నేషనల్ లీగ్ ఒక్క ఆల్‌స్టార్ కూడా ఓడలేదు. వాళ్లకది పరువు సమస్య.

పైగా ప్లేట్‌కి అడ్డంగా నిలబడ్డ క్యాచర్‌ని ఢీకొట్టడం అప్పటి రూల్స్ ప్రకారం తప్పు కాదు. వీడియో నెమ్మదిగా చూడండి. రోజ్ మొదట తలముందుగా దూకబోయాడు. ఎదురుగా ఫాసీ కాళ్లే ఉన్నాయి, ప్లేట్‌కి దారే లేదు. అప్పుడు తడబడి భుజం పెట్టాడు. ఫాసీ లీగ్ మ్యాచ్‌లో ఎలా నిలబడతాడో అలాగే నిలబడ్డాడు. ఒకరు ప్రాణం పెట్టి ఆడొచ్చు, రెండోవారు మాత్రం తగ్గి ఆడాలంటే ఎలా?

పచ్చిక_మైదానం:
అదే వీడియో నేనూ చూశాను. బంతి ఫాసీ గ్లవ్‌లోకి చేరకముందే గుద్దేశాడు. మనిషి రెండు చేతులూ బంతి కోసం చాచి ఉన్నాడు, కాచుకునే వీలేది? ముందురోజు రాత్రి రోజ్ ఇంట్లో ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. అదే నాకు మింగుడుపడదు.

కొత్తగా_చూస్తున్నా:
నేను క్రికెట్ చూస్తూ పెరిగాను. రనౌట్ కాకుండా ఉండడానికి కీపర్‌ని గుద్దేయడం అనేది ఊహకే అందదు. ఇప్పుడు కూడా ఇది ఒప్పుకుంటారా?

థర్డ్‌బేస్_లైన్:
లేదండి. 2011లో శాన్ ఫ్రాన్సిస్కో క్యాచర్ బస్టర్ పోసీ ఇలాంటి దెబ్బకే మిగిలిన సీజన్ అంతా పోగొట్టుకున్నాడు. 2014లో రూల్ వచ్చింది. పరుగెత్తేవాడు క్యాచర్‌ని గుద్దడానికి దారి మళ్లకూడదు, బంతి చేతిలో లేని క్యాచర్ దారికి అడ్డం నిలబడకూడదు. రెండో భాగం గమనించండి. ఇవాళైతే ఫాసీ నిలబడ్డ చోటు మీద కూడా వాదన వచ్చేది.

ఎక్స్‌రే_చూశారా:
మీరిద్దరూ ఆ రెండు క్షణాల దగ్గరే ఆగిపోయారు. నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద. ఫాసీకి అప్పుడు 23 ఏళ్లు. వాపు వల్ల మొదటి ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు కనబడలేదు. సంగతి మరుసటి ఏడాదికి గానీ బయటపడలేదు. ఈలోగా ఆ భుజంతోనే తన జట్టు క్లీవ్‌లాండ్‌కి ఆడాడు. ఆల్‌స్టార్‌కి ముందు 16 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బలు), ఆ తర్వాత సీజన్ మొత్తంలో రెండే! బ్యాటింగ్ సగటు .307 (దాదాపు పదింట మూడు హిట్లు) దగ్గర నిలిచింది గానీ బంతిని దూరం కొట్టే బలం పోయింది. ఆ తర్వాత ఏ సీజన్‌లోనూ 12 హోమ్ రన్లు దాటలేదు. చెయ్యి సరిగ్గా లేవని కుర్రాడిని ఆపి, మళ్లీ పరీక్ష చేయించాల్సింది జట్టు కాదా?

పచ్చిక_మైదానం:
జట్టు తప్పు ఉంది, కాదనను. దాంతో రోజ్ తప్పు తగ్గిపోదు. ఆ దెబ్బకి రోజ్ మూడు మ్యాచ్‌లే ఆడకుండా కూర్చున్నాడు. ఫాసీ 2021లో చనిపోయేదాకా భుజం నొప్పితోనే బతికాడు.

థర్డ్‌బేస్_లైన్:
నొప్పి నిజమే, నాకూ బాధే. కానీ "కెరీర్ అక్కడితో ముగిసింది" అని రాసేవాళ్లు 1971లో అతను మళ్లీ ఆల్‌స్టార్‌కి ఎంపికయ్యాడని, 1973, 74లో ఓక్లాండ్ జట్టు తరఫున వరల్డ్ సిరీస్ గెలిచాడని కూడా రాయాలి. అది దాచిపెట్టి రోజ్‌ని దోషిని చేస్తే ఫాసీకీ అన్యాయమే.